ఇంటి పనిలో వంతు, ఊరి నడుమ చోటు

నేర్చుకోవడం, ఆలోచించి తేల్చుకోవడం, కొత్త చిక్కు వచ్చినప్పుడు దారి వెతుక్కోవడం వయసుకు తగినట్టు సాగకపోవడం మేధో వైకల్యంలో ఒక భాగం. తిండి, స్నానం, మాట, డబ్బు, నలుగురిలో మెలగడం వంటి రోజువారీ వ్యవహారాల్లో చెప్పుకోదగ్గ వెనుకబాటు ఉండటం రెండో భాగం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ రెండింటినీ కలిపే దీన్ని నిర్వచించింది. మొదటి భాగాన్ని మందులూ ఆపరేషన్లూ పెద్దగా మార్చలేవు. రెండో భాగాన్ని ఇల్లు, బడి, ఊరు కలిసి చాలావరకు మార్చగలవు. అందుకే ఈ విషయం డాక్టరు గది కంటే ఎక్కువగా వంటింట్లో, వాకిట్లో, పొలం గట్టున తేలవలసింది.

ఇది పెద్దయ్యాక వచ్చే మానసిక జబ్బు కాదు. పుట్టుకతోనో, ఎదిగే వయసులోనో మొదలై జీవితాంతం ఉంటుంది. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులను లెక్కించింది. వారిలో 15 లక్షల మందికి పైగా ఈ కోవకు చెందినవారు. స్వల్ప స్థాయిలో ఉన్నవారిని గుర్తించడం కష్టం. బడిలో వెనకబడ్డ పిల్లలుగానో, అమాయకపు మనుషులుగానో లెక్కలోకి రాకుండా బతికేస్తారు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే అనుకోవాలి.

కారణాలు అనేకం. 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్, కాన్పులో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన రోజుల్లో ముదిరిన పచ్చకామెర్లు, మెదడువాపు జ్వరం, థైరాయిడ్ లోపం, అయోడిన్ కొరత ముఖ్యమైనవి. తెలుగు నేల మీద మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు తరతరాలుగా ఉన్నాయి. అలాంటి కుటుంబాల్లో తల్లిదండ్రులిద్దరిలో దాగివున్న జన్యులోపం బిడ్డలో బయటపడే అవకాశం పెరుగుతుంది. చాలామంది విషయంలో కారణం తెలియనే తెలియదు. తల్లి చేసిన తప్పనో, గ్రహణం పట్టిందనో అనడానికి ఏ ఆధారమూ లేదు. ఆ మాటలు మోసే తల్లికి మాత్రం బిడ్డను నలుగురిలోకి తీసుకెళ్లే ధైర్యం పోతుంది. బిడ్డ ఇంటికే పరిమితం కావడం అనేక ఇళ్లలో అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి కుటుంబానికి ఆసరా ఎక్కడినుంచి రావాలో మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర వంటి మండలాన్ని తీసుకుంటే స్పష్టంగా అర్థమవుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఉన్న పెద్దవంగర 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో కొత్త మండలమైంది. పాత మండల కేంద్రం కొడకండ్ల జనగామ జిల్లాలోకి వెళ్లింది. వరి, పత్తి, మిర్చి పండే ప్రాంతం ఇది. ఊళ్ల చుట్టూ లంబాడా తండాలు. దగ్గరి పట్నం వరంగల్–ఖమ్మం రోడ్డు మీది తొర్రూరు. మేధో వైకల్యంపై పనిచేసే పేరున్న సంస్థలన్నీ దూరంగానే ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ అన్నిటికంటే పెద్దది. హన్మకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం ఉంది. నెలకోసారి బిడ్డను ఎత్తుకుని బస్సెక్కి అంతదూరం వెళ్లడం కైకిలి చేసుకునే తల్లికి సాధ్యమయ్యే పని కాదు. కాబట్టి ఇలాంటి ఊళ్లలో మనిషికి అందే ఆసరాలో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, అంగన్‌వాడీ, బడి ఇవ్వవలసిందే. ఆ ఆసరా ఎలా ఇవ్వాలో తెలిస్తే పల్లె బతుకులో అందుకు అనువైనవి పట్నంలో కంటే ఎక్కువే ఉన్నాయి.

వైకల్యాన్ని ఒకప్పుడు తెలివి పరీక్షలో వచ్చిన అంకెతోనే కొలిచేవారు. 50 నుంచి 69 వరకు వస్తే స్వల్పం, 35 నుంచి 49 దాకా మధ్యస్థం, 20 నుంచి 34 తీవ్రం, అంతకు తక్కువైతే అతితీవ్రం. ఇప్పుడు ఆ అంకెతోపాటు, చాలాచోట్ల అంతకంటే ఎక్కువగా, మనిషికి ఎంత ఆసరా కావాలన్నది చూస్తున్నారు. అప్పుడప్పుడు ఉంటే సరిపోతుందా, కొన్ని పనులకే కావాలా, రోజూ కావాలా, ఇరవైనాలుగు గంటలూ కావాలా అన్నది లెక్క. ఇంటివాళ్లకు ఈ రెండో కొలతే ఉపయోగం. అంకె తెలిసిన తల్లికి రేపు పొద్దున ఏం చేయాలో తెలియదు. పళ్లు తోముకోవడంలో పేస్టు పెట్టడం ఒక్కటే రాదని తెలిసిన తల్లికి అది తెలుస్తుంది.

సాధారణంగా జరిగేది వేరు. ప్రేమ ఉన్న ఇంట్లో అన్నీ చేసిపెడతారు. అన్నం కలిపి నోట్లో పెడతారు, బట్టలు తొడుగుతారు, వాకిట్లో మంచం మీద కూర్చోబెడతారు. బిడ్డకు ఐదేళ్లున్నప్పుడు మొదలైన ఈ ఏర్పాటు ముప్పై ఏళ్లొచ్చినా మారదు. వాడికి రాదు కాబట్టి చేయనివ్వరు, చేయనివ్వరు కాబట్టి ఎన్నటికీ రాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా చేతికి పని లేని మనిషి ఊగుతూ కూర్చోవడం, చేయి కొరుక్కోవడం, అరవడం జరుగుతుంటే అది రోగ లక్షణమని అనుకుంటారు. అందులో చాలాభాగం ఖాళీ వల్ల వచ్చిందే. ప్రేమలో లోటుండి ఇలా కాదు, ఆ ప్రేమ నడిచే దారి సరిగా లేక. ఈ రంగంలో అన్నిటికంటే ముందు మాట్లాడుకోవలసినది ఇదే.

ప్రపంచంలో ఈ ఆలోచన మారడం పెద్ద పాత సంగతేమీ కాదు. వైకల్యం ఉన్నవారి రోజు కూడా అందరి రోజులాగే లేవడం, పనికి వెళ్లడం, తీరిక, పండగ అనే వరుసలో సాగాలని స్వీడన్‌కు చెందిన బెంట్ నీర్యే 1969లో రాశాడు. 1980లలో ఇంగ్లండ్‌లోని ఆండోవర్ పట్టణంలో తీవ్ర వైకల్యం ఉన్న పెద్దవాళ్లను పెద్ద ఆసుపత్రులకు బదులు మామూలు ఇళ్లలో ఉంచి, జిమ్ మాన్సెల్, డేవిడ్ ఫెల్స్ మొదలైన పరిశోధకులు వారి దినచర్యను గమనించారు. ఇల్లు మారితే చాలదని, పక్కనున్న సహాయకుడు పని తానే చేసేయకుండా ఆ మనిషిని పనిలోకి ఎలా కలుపుకుంటున్నాడన్నదే తేడా తెస్తుందని అటువంటి పరిశీలనలు తేల్చాయి. అక్కడినుంచి ఎదిగిన పద్ధతిలో సూత్రాలు నాలుగే. రోజులో ప్రతి చిన్న పనీ ఒక అవకాశం. కొద్దికొద్దిగా, తరచుగా చేయించాలి. అవసరమైనంత సాయమే చేయాలి. ఏది, ఎప్పుడు అన్నది వీలైనంత వరకు ఆ మనిషినే ఎంచుకోనివ్వాలి.

వీటిలో మూడోదే కష్టం. సాయంలో మెట్లు ఉంటాయి. చేయి పట్టుకుని చేయించడం అన్నిటికంటే ఎక్కువ సాయం. దాని కింద చేసి చూపడం, తర్వాత సైగ చేయడం, ఆ తర్వాత నోటితో చెప్పడం, చివరికి ఏమీ చేయకుండా ఆగి చూడడం. మనోవికాస్‌నగర్ సంస్థ ఉపాధ్యాయుల కోసం తయారుచేసిన పరిశీలన పట్టికల్లో కూడా బిడ్డ ఒక పనిని తనంతట చేస్తున్నాడా, చెబితే చేస్తున్నాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తున్నాడా అని విడివిడిగా రాసుకుంటారు. ఇంట్లో అందరూ మర్చిపోయే మెట్టు చివరిది. ‘చొక్కా తీసుకో’ అని చెప్పి మాట చెవిలో పడి అర్థమయ్యేలోపే రెండోసారి, మూడోసారి అంటారు, నాలుగోసారి తామే తొడిగేస్తారు. మేధో వైకల్యం ఉన్న మనిషికి మాట విని, అర్థం చేసుకుని, కదలడానికి ఎక్కువ సమయం పడుతుంది. మెల్లగా పది లెక్కపెట్టేంత సేపు ఆగితే చాలాసార్లు చేయి దానంతట అదే ముందుకొస్తుంది.

పనిని ముక్కలు చేయడం రెండో కిటుకు. చాయ్ పెట్టడం అనేది ఒక్క పనిగా కనిపిస్తుంది కానీ అందులో డజను పనులున్నాయి. గిన్నె తీయడం, నీళ్లు కొలవడం, పొయ్యి వెలిగించడం, పొడి వేయడం, చక్కెర వేయడం, పాలు పోయడం, పొంగే వేళ చూసుకోవడం, వడగట్టడం, గ్లాసులు పేర్చడం, పంచడం, గ్లాసులు ఏరి తేవడం, కడగడం. తీవ్ర వైకల్యం ఉన్నవారికి కూడా వీటిలో ఒకటి రెండు సాధ్యమవుతాయి. నీళ్లు ఎంతవరకు పోయాలో గిన్నె మీద గీత పెడితే కొలత వచ్చేస్తుంది. చక్కెర ఎన్ని చెంచాలో లెక్క రాకపోతే అన్ని చెంచాలు ముందే చిన్న గిన్నెలో పోసి పెట్టవచ్చు. పొయ్యి దగ్గర తల్లి ఉంటుంది. వచ్చిన చుట్టానికి గ్లాసు అందించింది మాత్రం ఆ బిడ్డే. చాయ్ మొత్తం నేర్చుకునేదాకా ఆగితే ఆ రోజు ఎన్నటికీ రాకపోవచ్చు. ఒక భాగం చేస్తూ అందులో మనిషిగా నిలబడటానికి ఈ రోజే చాలు.

కొన్ని పనులు చివరి నుంచి నేర్పితే తొందరగా వస్తాయి. ప్యాంటు తొడుక్కోవడంలో మోకాళ్ల దాకా తండ్రి ఎక్కించి, నడుము దాకా లాక్కోవడం బిడ్డకు వదలాలి. అది వచ్చాక మోకాళ్ల కింద ఆపాలి, ఆ తర్వాత మడమల దగ్గర. ఇలా చేస్తే ప్రతిసారీ పని ముగించింది బిడ్డే అవుతుంది. ముగించిన తృప్తి మరుసటి రోజు మళ్లీ చేయాలన్న ఉత్సాహాన్ని ఇస్తుంది. మాట అంతగా అర్థం కానివారికి బొమ్మలు పనికొస్తాయి. లేవడం, ముఖం కడుక్కోవడం, తినడం, మేకల దగ్గరికి వెళ్లడం, ఇలా రోజు వరుసను ఫోనులో తీసిన ఫొటోలతో గోడకు అంటిస్తే తర్వాత ఏం జరుగుతుందో తెలుస్తుంది. తర్వాతేమిటో తెలియక వచ్చే గాబరా, మొండితనం తగ్గుతాయి.

తండాల్లో భాష ఇంకో చిక్కు. ఇంట్లో లంబాడీ, అంగన్‌వాడీలోనూ బడిలోనూ తెలుగు, ప్రత్యేక పాఠాల పుస్తకంలో అప్పుడప్పుడు ఇంగ్లిషు. మామూలు పిల్లలు ఈ మూడింటినీ ఎలాగో దాటుతారు. నెమ్మదిగా నేర్చుకునే బిడ్డకు అది మోయలేని బరువు. ఆ బిడ్డకు తెలుగులో పరీక్ష పెట్టి ఏమీ రాదని రాస్తే వైకల్యం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అమ్మ మాట్లాడే భాషలోనే మొదలుపెట్టాలి. పరీక్షించేవారికి ఆ భాష రాకపోతే తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగించాలి.

పొలం, కల్లం, దొడ్డి ఉన్న ఇంట్లో ముక్కలుగా విడదీయదగ్గ పని ఏడాది పొడవునా దొరుకుతుంది. మిర్చి కాలంలో తొడిమలు తీయడం, ఎర్రకాయ నుంచి తాలుకాయను వేరుచేయడం కూర్చుని చేసే పని, చేసిందే మళ్లీ మళ్లీ చేసే పని. రంగు తేడా కంటికి తెలుస్తుంది కాబట్టి లెక్కలూ అక్షరాలూ అక్కర్లేదు. రెండు గంపలు పక్కపక్కన పెట్టి, ఒక్కోదానిలో నమూనాగా ఒక కాయ వేసి చూపితే చాలు. చేతులు కళ్లకు తగలకుండా చూడటం, పని అయ్యాక సబ్బుతో కడిగించడం ముందే అలవాటు చేయాలి. పత్తి ఏరడం, వడ్లు ఎండబోసి కాలితో తిరగదోయడం, సంచి నోరు పట్టుకోవడం, బర్రెకు నీళ్లు పెట్టడం, కోళ్లకు గింజలు చల్లడం, మేకల వెంట మరొకరితో కలిసి వెళ్లడం, అన్నీ ఇలాంటివే. ఫిట్స్ వచ్చేవారి విషయంలో ఒక జాగ్రత్త తప్పదు. బాయి దగ్గరికి, చెరువుకు, మంట దగ్గరికి ఒంటరిగా పంపకూడదు, మందులు ఒక్క పూటైనా ఆపకూడదు.

పని చేసినందుకు కూలి కూడా దక్కాలి. సగం పని చేసిన మనిషికి సగం కూలైనా చేతిలో పెట్టకుండా ‘తిండి పెడుతున్నాం కదా’ అనడం అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల కోసం దివ్యాంగులకు విడిగా శ్రమశక్తి సంఘాలు ఏర్పాటు చేసి, వారికి ఏడాదికి 150 రోజుల పని, తక్కువ కొలతకే పూర్తి కూలి అనే పద్ధతి పెట్టారు. నలుగురితో కలిసి పనికి పోయి, తన పేరు మీద కూలి తెచ్చుకున్న మనిషిని ఊరు చూసే చూపు మారుతుంది.

చిన్నప్పుడే గుర్తిస్తే చాలా మేలు. మెడ నిలపడం, కూర్చోవడం, మాట ఆలస్యమైన పిల్లల్ని అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త ముందుగా గమనించగలరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతాయి. ‘వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడిండు’ అని రెండు మూడేళ్లు ఆగడం వల్ల మెదడు వేగంగా ఎదిగే కాలం చేజారిపోతుంది.

బడి వయసులో మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలు ముఖ్యమైన ఆధారం. సమగ్ర శిక్ష కింద నడిచే వీటిలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పనిచేస్తారు. ఊళ్లో వారిని ఐఈఆర్పీలు అంటారు. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు, కదలలేని పిల్లల ఇళ్లకు ఉపాధ్యాయులే వెళ్లి నేర్పుతారు. 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని మామూలు బడిలో గానీ ఇష్టమైన ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదివే హక్కును 2016 చట్టం ఇచ్చింది. అయితే హాజరుపట్టీలో పేరుండటం వేరు, తరగతిలో పాల్గొనడం వేరు. మిగతావారు ఎక్కాలు చదువుతుంటే వెనక బల్ల మీద పలక పట్టుకుని కూర్చున్న బిడ్డ బడిలో ఉన్నట్టు కాదు. అదే బిడ్డ మధ్యాహ్న భోజనానికి పళ్లేలు లెక్కపెట్టి పంచితే, అది ఒకటి నుంచి ఇరవై దాకా లెక్క నేర్చుకోవడమూ అవుతుంది, తోటిపిల్లల మధ్య ఒక బాధ్యత దొరకడమూ అవుతుంది. పేరు పెట్టి పిలవడం, వెక్కిరింపును వెంటనే ఆపడం టీచరు చేతిలోని పని. దానికి నిధులు అక్కర్లేదు.

పద్దెనిమిది దాటాక పెద్ద ఖాళీ వస్తుంది. బడి అయిపోతుంది, భవిత అయిపోతుంది, పల్లెలో పెద్దవాళ్ల కోసం పగటి కేంద్రం దాదాపు ఎక్కడా ఉండదు. పదేళ్లు కష్టపడి నేర్చుకున్నది రెండేళ్లలో పోవడం ఈ దశలోనే. ప్రభుత్వం చేయవలసిన పనుల్లో మండలానికొక వయోజన కేంద్రం మొదటిది కావాలి. అప్పటిదాకా మహిళా సంఘాల సమావేశం, కుట్టుమిషన్ కేంద్రం, వడ్ల కొనుగోలు కేంద్రం వంటి చోట్ల ఒకరిద్దరికి చోటు కల్పించడం ఊరి చేతిలో ఉంది.

పెద్దయ్యాక శరీరం కూడా పెద్దదవుతుంది. ఈ మాట ఎత్తడానికి ఇళ్లలో భయపడతారు. ఆడపిల్లకు బహిష్టు రోజుల శుభ్రత ముందే, బహిష్టు కాని రోజుల్లోనే బట్ట మార్చి చూపుతూ నేర్పాలి. ఎవరు ఎక్కడ తాకవచ్చు, ఎక్కడ తాకకూడదు, తాకితే ఎవరికి చెప్పాలి అన్నది ఆడపిల్లకూ మగపిల్లవాడికీ నేర్పాలి. ఎదిరించలేరన్న ధైర్యంతోనే అనేకమంది వీరిపై అత్యాచారాలకు తెగిస్తారు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న నమ్మకం మాత్రం రెండు జీవితాలను కష్టంలో పడేస్తుంది. అవతలివారికి నిజం చెప్పకుండా చేసే పెళ్లి మోసం కూడా. అలాగని పెద్దయిన మనిషికి తన ఒంటి మీద హక్కు లేదనీ అనకూడదు. స్వల్ప మేధో వైకల్యం ఉన్న మహిళ గర్భం విషయంలో ఆమె సమ్మతి లేకుండా నిర్ణయం తీసుకోరాదని సుప్రీంకోర్టు 2009లో చండీగఢ్ కేసులో తీర్పు చెప్పింది.

ఊరి నడుమ చోటు ఎక్కువగా పండగల్లో తేలుతుంది. బతుకమ్మకు తంగేడు, గునుగు తేవడానికి పోయే గుంపులో ఆ పిల్ల ఉందా? గునుగు కట్టలకు రంగు అద్దేటప్పుడు ఆమె చేతిలో ఒక కట్ట ఉందా? చప్పట్ల వరుసలో ఆమె పక్కన నిలబడటానికి తోటివాళ్లు జంకుతున్నారా? కురవి వీరభద్రస్వామి జాతరకో, మేడారానికో కుటుంబమంతా పోయేటప్పుడు ఆమెను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఆగిపోతున్నారా? పెద్ద రద్దీ, మైకుల మోత కొందరికి నిజంగానే కష్టం. అలాంటివారిని రద్దీ తక్కువున్న రోజున, తక్కువ సేపు తీసుకెళ్లవచ్చు. జేబులో ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ఉంచడం మంచిది. ముప్పై ఏళ్ల మనిషిని ఇంకా ‘పిలగాడు’ అంటూ చాక్లెట్ ఇచ్చి బుజ్జగించే బదులు వయసుకు తగ్గట్టు అన్నా అనో, అక్కా అనో పిలిస్తే ఆ పిలుపుకు తగినట్టు నిలబడేవారు చాలామందే ఉంటారు.

కాగితాల పని కూడా పాల్గొనడంలో భాగమే. వైకల్య నిర్ధారణ శిబిరంలో డాక్టర్లు పరీక్షించి 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందని ధ్రువీకరిస్తే పింఛనుకు, రాయితీలకు అర్హత వస్తుంది. దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు కూడా ఇస్తారు. తెలంగాణలో 2014లో ఆసరా పథకం మొదలైనప్పుడు దివ్యాంగుల పింఛను 1,500 రూపాయలు. 2019లో దాన్ని 3,016కు, 2023లో 4,016కు పెంచారు. ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోవడం పేద ఇళ్లలో సహజమే. అందులో ఒక చిన్న మొత్తాన్ని ఆ మనిషి చేతికే ఇచ్చి, దుకాణానికి తోడు వెళ్లి, తనకు కావలసింది తనే చూపించి కొనుక్కునేలా చేస్తే డబ్బు విలువా తెలుస్తుంది, ఎంచుకోవడమూ అలవాటవుతుంది. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతాన్ని మేధో వైకల్యం, ఆటిజం, మానసిక వ్యాధి వంటివి ఉన్నవారికి కేటాయించారు.

తల్లిదండ్రులను రాత్రిళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న తమ తర్వాత ఎవరన్నది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన మేధో వైకల్యం ఉన్నవారికి చట్టబద్ధ సంరక్షకులను నియమించడానికి జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. బ్యాంకు ఖాతా, ఆస్తి వ్యవహారాల్లో ఆ కమిటీ ఇచ్చే నియామక పత్రం చెల్లుతుంది. అదే ట్రస్టు నిరామయ పథకం ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య బీమా ఇస్తుంది. తల్లిదండ్రులు బతికుండగానే, ఒంట్లో సత్తువ ఉండగానే దరఖాస్తు చేయాలి. పొలం పంచేటప్పుడు ఆ బిడ్డ వాటా ఏమిటి, ఎవరు చూస్తారు అన్నది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ముందు తేల్చి కాగితం మీద పెట్టాలి. అన్ని పనులూ తల్లి ఒక్కతే చేస్తూ వచ్చిన ఇంట్లో ఆమె పోయిన మర్నాడే ఆ బిడ్డ బతుకు కూలిపోతుంది. ఏది తింటాడు, ఏది చూస్తే భయపడతాడు, ఏ మందు ఎన్ని గంటలకు, ఏ సైగకు ఏం అర్థం అన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే, వారానికో పూట చిన్నమ్మో మేనత్తో చూసుకునేలా ముందునుంచీ అలవాటు చేస్తే ఆ మార్పు తట్టుకోగలిగినదిగా ఉంటుంది.

సంరక్షకుడు వచ్చినంత మాత్రాన ఆ మనిషి మాట చెల్లకుండా పోదు. భారతదేశం 2007లో ఆమోదముద్ర వేసిన ఐక్యరాజ్య సమితి ఒడంబడిక దివ్యాంగులందరినీ చట్టం ముందు సమానులుగా గుర్తించింది. 2016 చట్టం తెచ్చిన పరిమిత సంరక్షణలో నిర్ణయం ఇద్దరూ కలిసి, ఆ మనిషి ఇష్టాన్ని తెలుసుకుని తీసుకోవాలి, అదీ ఒక నిర్దిష్టమైన పనికి, నిర్దిష్టమైన కాలానికే. ఓటు విషయమూ అంతే. మతిస్థిమితం లేదని అధికారం ఉన్న కోర్టు ప్రకటిస్తే తప్ప ఎవరి పేరునూ ఆ కారణంతో జాబితా నుంచి తీసేయడానికి 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. వైకల్య ధ్రువపత్రం అలాంటి ప్రకటన కాదు. కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండగానే పేరు చేర్పించవచ్చు, గుర్తులు ముందే కాగితం మీద చూపి మీట నొక్కడం అలవాటు చేయించవచ్చు, పోలింగు రోజున ఇంటివాళ్లందరితోపాటు వరుసలో నిలబెట్టవచ్చు.